బావ కారును ముట్టుకున్నవాళ్ళు

పోయిన నెలలో ఒక ఉదయం గద్వాల నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, నాయిన పోయిండు. చాయ్ తాగి గ్లాసు కిందవెట్టిండు, గంతే" అంది. మా అక్క మొగుడు, నా ఒక్కగానొక్క బావ, ఇక లేడు.

వనపర్తిలో బస్సెక్కాను. బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. పక్క సీటులోని మనిషి నన్ను అదోలా చూశాడు. చూడనీ. ఒకసారి అదే వంతెన మీద బావ కారు ఆగిపోతే, వెనక లారీవాడు దిగొచ్చి బూతులు మొదలుపెట్టాడు. బావ అన్నీ ఓపిగ్గా విని, "ఇంత గొంతున్నోనివి, నీ రెక్కలల్ల ఇంకెంత బలముంటదో! జర నూకు తమ్మీ" అన్నాడు. వాడు తోశాడు. కారు కదిలాక చేతులు దులుపుకుంటూ దండం కూడా పెట్టాడు.

మా బావకు పల్లీ నూనె మిల్లుండేది. కొడుకులు లేని ఇల్లు కనుక మిల్లు అల్లుళ్ళ చేతికి పోయాక, ఆయనకు కారు మిగిలింది. నల్లటి ఆస్టిన్. ఒక వకీలు గారి కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న దాన్ని తెచ్చి, ఏళ్ళ తరబడి బాగుచేసి నడిపించాడు. ఇప్పటి ఇండికేటర్లకు బదులు తలుపుల పక్క కంబాల్లో చిన్న నారింజ రంగు చేతులుండేవి. మలుపు తిరిగేటప్పుడు అటువైపు చెయ్యి టక్కున పైకి లేచేది. దాన్ని చూసి బావ ప్రతిసారీ కొత్తగా మురిసిపోయేవాడు.

ఎక్కడ పాత కార్ల ప్రదర్శన ఉన్నా, ఏ బడి పండుగ అయినా, పిలిస్తే కారు తీసుకుని పోయేవాడు. నేను తోడు. నా పని కాపలా. జీవితమంతా పుస్తకాలు చదివినవాణ్ణి. మర్యాద గురించి పెద్దలు రాసినవన్నీ చదివాను. పరాయివాళ్ళ కారు అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకునేవాణ్ణి ఏం చేయాలో వాళ్ళలో ఒక్కరూ రాయలేదు.

ఆ దువ్వుకున్నాయన ఇప్పటికీ వనపర్తిలోనే ఉన్నాడు. పల్లీలు తిని పొట్టు బానెట్ మీద పోసిన ఇద్దరు టీచర్లూ ఉన్నారు. మిర్చి బజ్జీ చేత్తో కిటికీ అద్దం మీద ఐదు వేళ్ళూ అచ్చు వేసిన సభాధ్యక్షుడూ ఉన్నాడు. "పాత ఇనుముకేస్తే ఎంతొస్తది?" అని పెళ్ళిలో పదిమంది ముందు అడిగిన మా దూరపు చుట్టమూ ఉన్నాడు. వీళ్ళంతా ఈ పేపరు చదువుతారు. చదవాలనే రాస్తున్నాను.

బావకు మాత్రం వాళ్ళ మీద కోపం రాలేదు. నేను కర్ర ఎత్తితే నా చెయ్యి పట్టుకునేవాడు. "చెయ్యి పెట్టెటోడు కన్ను పెట్టెటోనికంటె మంచోడు బామ్మర్ది. చెయ్యి పెడితే తుడుస్తం. కన్ను పెడితే ఏం జేస్తం?" అనేవాడు.

"మరి ఇంట్ల పెట్టి తాళమెయ్యి బావా. కన్నూ పడదు, చెయ్యీ పడదు" అన్నాను ఒకసారి.

"ఎవ్వలు చూడకుంటె అది కారెట్లయితది? బియ్యం డబ్బా అయితది" అన్నాడు.

అయితే ఒకసారి తుడిస్తే పోనిది జరిగింది. నాగర్‌కర్నూల్‌లో ఒక పెద్దమనిషి, పేరు రాయను, కండువా మాత్రం గుర్తుంది, ఎడమవైపు నారింజ చెయ్యి లేవగానే కరచాలనం చేస్తున్నట్టు పట్టుకుని గుంజాడు. అది విరిగి ఆయన చేతిలోకే వచ్చింది. "గింతేనా దీని గట్టిదనం!" అని నవ్వి, బావ అరచేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. బావ దాన్ని జేబులో పెట్టుకున్నాడు. గద్వాల దాకా కారు మెల్లగా నడిపాడు. ఆ రాత్రి అన్నం తినలేదు, మర్నాడూ తినలేదు. కొట్టంలో కారు పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

అప్పుడు మా అక్క అందరి ముందూ చెప్పింది. "ఇంకోపారి దీని మీద గీత పడ్డా సరే, ఇది ఈ ఇంట్లకెల్లి పోవాలె. అమ్మేస్త. నా మాటంటె మాట." అక్క మాట బావకు తెలుసు. ఆ రోజు నుంచి ప్రతి ప్రదర్శనా ఆయనకు కారు ఉంటుందా పోతుందా అన్న పరీక్షే. అయినా పోవడం మానలేదు.

ఆ తరువాతిదే వనపర్తి కాలేజీ మైదానం సంగతి. ఒక కాంట్రాక్టరు నలుగురు మనుషులతో వచ్చి, ఫుట్‌బోర్డు మీద బూటు పెట్టి లేసు కట్టుకున్నాడు. "ఏం కాకా, గీ డబ్బా నడుస్తదా, ఎడ్లు గట్టి గుంజుకొస్తివా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. అతని చెయ్యి మిగిలిన నారింజ చేతి వైపు పోతోంది.

బావ ముందుకొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు జర దేవునిలెక్క వచ్చినవ్ పటేలా. నా బామ్మర్ది ఉన్నడు గని, ముసలోడు. ఈని మాట ఎవ్వడు ఇంటలేడు. ఎవడో ఒకడు ఏదో ఒకటి ఇరగ్గొడ్తడు, మా ఇంటామె కారు అమ్మేస్తది. నీ అసువంటి మనిషి నిలవడితే ఒక్కడు దగ్గరికి రాడు. జర చూస్తుంటవా? చాయ్ తాగొస్తం."

కాంట్రాక్టరు బూటు కిందికి దిగింది. "మీరు పోయి రాండ్రి కాకా. నేనున్న" అన్నాడు.

మేం ఒక చాయ్ తాగాం. బావ ఇంకొకటి తాగుదామన్నాడు. దూరం నుంచి కాంట్రాక్టరు గొంతు వినబడుతూనే ఉంది. "దూరం జరుగుర్రి! కండ్లతోని చూడుండ్రి, చేతులతోని కాదు!" నెత్తి మాడే ఎండలో, తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయి, ఆ మనిషి కారు చుట్టూ తిరుగుతున్నాడు. అతని నలుగురూ నాలుగు మూలలా నిలబడ్డారు.

నాకు దాహమేసింది. నీళ్ళ సీసా కార్లో ఉంది. పోయి తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"ఓ ముసలోడా! చెయ్యి తియ్!" అని కాంట్రాక్టరు నా మీదికి వచ్చాడు. "చదువుకున్నోనిలెక్క కనబడుతున్నవ్, మంది సామాన్లు ముట్టొద్దని తెల్వదా?"

"నేను ఆయన బామ్మర్దిని" అన్నాను.

"అందరు గట్లనే అంటరు!"

బావ చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూలబడి నవ్వాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. గద్వాల చేరేదాకా దారంతా నవ్వాడు. కాంట్రాక్టరును నేనింకా క్షమించలేదు. కానీ బావను అంతగా నవ్వించినవాడు కనుక, కారును ముట్టుకున్నవాళ్ళ చిట్టాలో అతన్ని అందరికన్నా కింద పెట్టాను.

ఇంటికి రాగానే అక్క పల్లీ కొనే సేటులా కారు చుట్టూ తిరిగి, అరచేత్తో తడిమి చూసింది. గీత లేదు. "ఈపారికి బతికింది" అని లోపలికి పోయింది. బావ నా వైపు చూసి కన్ను గీటాడు.

బావ దినకర్మ అయిన మర్నాడు అల్లుళ్ళు కారు బేరానికి ఒకాయన్ని పిలిపించారు. వాళ్ళ తప్పు లేదు. అమ్ముతానన్న మాట వాళ్ళంతా అక్క నోట విన్నదే. ఆయన వచ్చి టైరును కాలితో తన్నాడు. మళ్ళీ తన్నాడు. బానెట్‌కు నడుము ఆనించి ఫోన్లో ఎవరితోనో మాట్లాడసాగాడు. నేను నోరు తెరిచేలోగా అరుగు మీది నుంచి అక్క దిగివచ్చింది.

"అయ్యా, కాలు తియ్."

"కొనెటోడు చూసుకోవద్దా అమ్మా?"

"చూసినవ్ గద. ఇగ పో."

ఆయన పోయాక పెద్దల్లుడు మెల్లగా అన్నాడు. "అత్తా, నువ్వే గద ఎప్పుడూ అమ్ముదమంటివి."

"ఆయన కోసం అంటి" అంది అక్క. "గాయన అన్నం మాని కూసుంటె నేను చూడలేక అంటి. ఇప్పుడు బాధపడెటోడు లేడు గద. ఎవరన్న ముట్టుకోనియ్యి, ఎవరన్న ఎక్కనియ్యి. ఉండనియ్యి దాన్ని."

అని, అరుగు కింద నిలబడి చూస్తున్న వాడకట్టు ఆడవాళ్ళ కోసం నాలుగు తలుపులూ బార్లా తెరిచింది. ఇన్నేళ్ళూ వాళ్ళు ఆ కారు పక్కనుంచి కొంగు కూడా తగలకుండా నడిచినవాళ్ళే. మొదట ఒకామె ఎక్కింది. తరువాత ఎంతమంది ఎక్కారో తెలియదు. ఒకరి ఒళ్ళో ఒకరు, కిటికీలోంచి ఎవరి మోచెయ్యో బయటికి. పక్కింటి రజియా చెల్లెలు చోటులేక ఫుట్‌బోర్డు మీద నిలబడింది.

"అక్కా, ఏ ఊరికి పోతుంది బండి?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"కూసోండ్రి ముందు! ఇగ సందు లేదు!" అంది అక్క. డ్రైవరు సీట్లో చీర కుచ్చిళ్ళు సర్దుకుని, రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని, ఎన్నడూ డ్రైవింగ్ నేర్వని మా అక్క ఎదురుగా ఉన్న గోడను రోడ్డును చూసినట్టు చూస్తూ, ఆగి ఉన్న కారులో దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉంది.