ఇంటి నుంచి తెచ్చుకున్న బరువు

మా లంబాలైన్ పేటలో ఇప్పుడు నన్ను గోపినాథ్ అని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. "ఫైర్ మేడమ్ వాళ్లాయన" అంటున్నారు. ఏళ్ల తరబడి నేను నడుపుతున్న కిరాణా కొట్టుకీ అదే పేరు పడింది. మొన్న ఒక పిల్ల వచ్చి, "అంకుల్, ఫైర్ మేడమ్ దుకాణం ఇదేనా?" అంది. కాదమ్మా, ఇది గోపినాథ్ దుకాణం, నీ ఎదురుగా కూర్చున్న ఈ బొజ్జమనిషిది అని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఏం లాభం? ఉల్లిపాయలు తూచి ఇచ్చి పంపాను.

పెళ్లానికి పేరొస్తే సంతోషపడాలి గానీ ఈ ఏడుపేమిటని మీరంటారు. అంటారు, మీకేం పోయింది! కుళ్లు ఎవరి కడుపులో పుడితే వాళ్లకే తెలుస్తుంది.

సుందరి నాకు పరాయిది కాదు, మా మేనమామ వీరన్న కూతురు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. మేమిద్దరం ఈ దీవుల్లోనే పుట్టాం. నేను ఇక్కడ ఊళ్లో, తను ఊరి బయట సిప్పీఘాట్‌లో. మామయ్య అక్కడి వ్యవసాయ క్షేత్రంలో పనిచేసేవాడు. వాళ్ల ఇల్లేమో గట్టు మీద, నీళ్లేమో పల్లంలో. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పిల్ల బిందెతో గట్టు ఎక్కుతూనే ఉంది. కొబ్బరిచెట్టూ ఎక్కేది. చిన్నప్పుడు సెలవులకి నేను వెళితే, నేను కింద నిలబడి కాయలు ఏరుకునేవాణ్ని, తను పైనుంచి, "బావా, తప్పుకో! నెత్తి పగులుద్ది!" అని అరిచేది. అప్పటి నుంచీ పైన తను, కింద నేను.

పెళ్లయ్యాక కొట్టులో నాకు సాయంగా కూర్చుంది. సాయం అని నేనంటున్నాను గానీ, వ్యాను రాగానే బియ్యం బస్తాలు దించేది తనే. నేను లెక్క చూసేవాణ్ని. బాగానే నడిచిపోతుండగా, పక్కనున్న భాను టీ బడ్డీలో ఒకరోజు పొద్దున్నే సిలిండర్ పైపు అంటుకుంది. భాను కేకలు పెడుతూ బయటికి వచ్చేసింది. నేను రోడ్డు దాకా పరిగెత్తాను. జనాన్ని పిలవడానికే పరిగెత్తాను, ఇంకోలా అనుకోకండి. తిరిగి వచ్చేసరికి సుందరి ఖాళీ గోనెసంచీ బకెట్లో ముంచి మంట మీద కప్పి, సిలిండర్ కట్టేసి, భానుకి మంచినీళ్లు తాగిస్తోంది. ఆ తర్వాత ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చింది. అందులోంచి దిగిన ఒకాయన గోనెసంచీ ఎత్తి చూసి, "దీదీ, ఆప్ తో హమారే మే ఆ జావో" అన్నాడు. మాలో చేరిపోవమ్మా అని. ఆయన సరదాకి అన్నాడు. ఈవిడ నిజమనుకుంది.

సిప్పీఘాట్ దారిలో ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం ఉంది. ఫైర్ సర్వీసు భర్తీకి వెళ్లే పిల్లలకి అక్కడ ఆరు నెలలు చేతిపని అంతా నేర్పిస్తారు. నిచ్చెన ఎక్కడం, పైపు పరచడం, ముళ్లు వేయడం, పొగలో పాకడం. వయసు హద్దు లోపల తనకి ఈ ఏడాదే ఆఖరు. "వెళ్తాను బావా" అంది. అప్పుడు వెళ్లమన్నది నేనే. నాలుగు రోజులు ఎండలో పాకితే తనే మానుకుంటుందిలే అనుకున్నాను. ఎందుకంటే నేనూ ఒకప్పుడు ఆ భర్తీకి వెళ్లినవాణ్నే. పరుగుపందెంలో సగంలో కూర్చుండిపోయి, ఎవరో ఇచ్చిన నిమ్మకాయ నీళ్లు తాగి ఇంటికొచ్చాను. నాకు రానిది తనకి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

వచ్చేసింది. అదీ నా కడుపుమంట.

ఎండాకాలం మా వీధిలో కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. శిక్షణ కేంద్రంలోనేమో డ్రిల్లుకి పక్కనున్న సముద్రపు పాయ, అదే క్రీకులోంచి ఉప్పునీళ్లు తోడి కొడతారు. దాంతో సాయంత్రం ఈవిడ యూనిఫాం ఉప్పు పట్టి తెల్లగా అట్టకట్టుకుని వచ్చేది. మా అమ్మ గవరమ్మ పట్టి ఉంచిన మంచినీళ్లలో రెండు బకెట్లు ఆ యూనిఫాంకి పోసేది. నా స్నానానికి సగం బకెట్.

"అమ్మా, నేను మనిషిని కానా?" అన్నాను ఒకరోజు.

"కొట్లో కూకున్నోడికి మురికేటి పడతాదిరా?" అంది మా అమ్మ.

అదైనా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. మనోజ్. వీడు ఆ బ్యాచ్‌లో కుర్రాడు. బాంబూఫ్లాట్ నుంచి రోజూ బోటులో చాతం రేవుకి వచ్చి, అక్కడి నుంచి బస్సులో కేంద్రానికి వచ్చేవాడు. రాత్రి భోజనానికి కూర్చుంటే ఈవిడ నోట వీడే. అన్నంలో పప్పు కలుపుతూ మనోజ్, చేపముల్లు తీస్తూ మనోజ్. మనోజ్ నిచ్చెన మీద జారాడట, మనోజ్ ముడి తప్పు వేశాడట, నేర్పించే ఉస్తాద్ తిట్టాడట. నేను ఆ రోజు కొట్లో ఏం చేశానో అడిగిన పాపాన పోలేదు.

ఒకరోజు క్యారేజీ మరిచిపోయి వెళ్లింది. చేపల పులుసు పాడైపోతుందని స్కూటర్ మీద నేనే తీసుకెళ్లాను. గేటు దాటగానే కనిపించిన దృశ్యం ఇదీ. మా ఆవిడ మైదానంలో పరిగెత్తుతోంది. ఆవిడ భుజాల మీద అడ్డంగా ఒక కుర్రాడు వేలాడుతున్నాడు. వాడి కాలు, చెయ్యి కలిపి ముందు నుంచి గట్టిగా పట్టుకుంది. చుట్టూ అందరూ, "శాబాష్ సుందరీ! చలో చలో!" అని చప్పట్లు. వాడెవడో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. క్యారేజీ గేటు దగ్గర కాపలావాడి చేతిలో పెట్టి వెనక్కి వచ్చేశాను. నాకు ఇంట్లో ఈగల మోత, వాడికి బయట పల్లకీ మోత!

సాయంత్రం తను గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే అందుకున్నాను.

"ఏంటా పని?"

"ఏ పని బావా?"

"ఆ మనోజ్‌గాణ్ని భుజానేసుకుని ఊరేగడం."

"అరే, అది ఫైర్‌మ్యాన్ లిఫ్ట్. మంటల్లో చిక్కుకున్నోణ్ని అలాగే మోసుకురావాలి. సబ్‌కో సీఖ్‌నా పడ్తా హై, అందరూ నేర్చుకోవాల్సిందే."

"ఇంకెవరూ దొరకలేదా ఎత్తడానికి?"

"వాడు తేలిక బావా. అందుకే బ్యాచంతా వాణ్నే ఎత్తుతారు. పాపం, సాయంత్రానికి వాడికి కడుపంతా ఒకటే నొప్పి."

"పాపమట పాపం! ఆముదం రాసి రాకపోయావా?"

వంటింట్లోంచి మా అమ్మ గొంతు వినిపించింది. "ఏటిరా గోపీ, అంత కుళ్లయిపోతంటే నువ్వే ఎక్కి కూకో దాని బుజం మీద!"

సుందరి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆఖరి పరీక్షకి వారం ముందు వాళ్ల ఉస్తాద్‌కి కూడా నాలాగే ఒళ్లు మండింది. ఆయన పేరు జోగులు. సర్వీసులో రిటైరై ఇక్కడ నేర్పిస్తున్నాడు. మావాడే, తెలుగువాడే, కోపమొస్తే మాత్రం హిందీ. ఆ రోజు బ్యాచంతా వరసగా మనోజ్‌నే ఎత్తడం చూసి విజిల్ ఊది ఆపేశాడట. "క్యా రే! ఊళ్లో ఎక్కడ అంటుకున్నా లోపల మనోజే ఉంటాడా?" అని కేకలేశాడట. పరీక్షకి ఎవరి ఇంటి మనిషిని వాళ్లు తెచ్చుకోవాలన్నాడు. తోటివాళ్లయితే ఎత్తేటప్పుడు ఒళ్లు సర్దుకుని సాయం చేస్తారు. ఇంటివాళ్లకి అదేం తెలియదు, అసలు బరువు అదే అన్నాడు. పొగ గదిలోంచి మనిషిని బయటికి లాగి, భుజానికెత్తుకుని, జెండా దాకా మోయాలి. మధ్యలో ఒక్కసారి కింద పెట్టినా తప్పినట్టే.

ఈ సంగతి సుందరి చెప్పగానే మా అమ్మ ఇస్త్రీచీర తీసి సిద్ధమైపోయింది. "నానొత్తానే కోడలా. గుప్పెడు మనిషిని, సులువుగా ఎత్తెయ్యొచ్చు."

"అమ్మెందుకు? నేను లేనా?" అన్నాను.

సుందరి మొదట నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది.

"బావా, నువ్వు ఎనభై కిలోలు దాటావు. మధ్యలో దించితే ఫెయిల్. ఫెయిలైతే భర్తీకి కావాల్సిన సర్టిఫికెట్ ఇవ్వరు, మళ్లీ ఆరు నెలలాగాలి. అప్పటికి నా వయసు దాటిపోద్ది. ఖతమ్. ఇంక జన్మలో యూనిఫాం లేదు."

"మనోజ్‌ని ఎత్తగలవు. నన్ను ఎత్తలేవు. అంతేగా?"

ఆ మాట అనకూడదని నాకూ తెలుసు. అనేశాక వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. పరాయి కుర్రాణ్ని ఊరందరూ చూస్తుండగా భుజానికెత్తుకున్న మనిషి, కట్టుకున్నవాణ్ని ఎందుకు ఎత్తుకోదు? అదే బుర్రలో తిరుగుతోంది. తను అమ్మ వైపు తిరిగింది.

"అత్తా, నువ్వు ఇంట్లో ఉండు. బావ వస్తాడు," అంది.

మా అమ్మ చీర మడతపెట్టి బీరువాలో పడేసి, పరీక్ష రోజు దాకా నాతో మాట్లాడలేదు. నేను మాత్రం అన్నం తగ్గించాను. తగ్గించిన ఆకలికి కొట్లో జంతికలు తిన్నాను. దాంతో బరువు ఉన్నచోటే ఉంది.

పరీక్ష రోజు మైదానం తిరునాళ్లలా ఉంది. ఒకడు బక్కచిక్కిన చెల్లెల్ని తెచ్చుకున్నాడు, ఒకమ్మాయి వాళ్ల నాన్నమ్మని. మనోజ్ వాళ్ల నాన్నని తెచ్చాడు, ఆయనా రివటలాగే ఉన్నాడు. నేను స్కూటర్ దిగగానే జోగులు ఉస్తాద్ నన్ను పైనుంచి కిందికి చూసి, "సుందరీ, సోచ్ లియా?" అన్నాడు. ఆలోచించుకునే తెచ్చావా అని. తను తల ఊపింది.

పొగ గది అంటే కిటికీల్లేని రేకుల షెడ్డు. ఒక మూల తడి కొబ్బరిపీచు రాజేస్తారు. ఉస్తాద్ నా మూతికి తడిగుడ్డ కట్టి, లోపల ఒకచోట పడుకోబెట్టాడు. "ఇక్కడే ఉండు. కదలొద్దు. మరీ భయమేస్తే కేక వెయ్యి, వెనక తలుపు దగ్గర మనిషి ఉంటాడు," అని చెప్పి వెళ్లిపోయాడు.

పొగ ముందు మెల్లగా వచ్చింది. తర్వాత నా చెయ్యి నాకే కనపడలేదు. కళ్లు మండాయి. ఉత్తి పరీక్షేనని తెలుసు, బయట వందమంది ఉన్నారనీ తెలుసు. అయినా అరవాలనిపించింది. అరిస్తే పరువు పోతుంది. అరవలేదు గానీ, కదలొద్దన్నచోట ఉండలేక పాక్కుంటూ ఏదో మూలకి పోయి గోడకి అతుక్కున్నాను.

కాసేపటికి బూట్ల చప్పుడు. గోడని తడుముకుంటూ ఎవరో పాకుతున్నారు. ఉస్తాద్ నన్ను పడుకోబెట్టినచోట నేల తడిమిన చప్పుడు, మళ్లీ తడిమిన చప్పుడు... నేను అక్కడ లేను. పిలుద్దామంటే దగ్గు. చెయ్యి గాల్లో ఊపాను. ఆ చెయ్యి సుందరి చేతికి తగిలింది. గట్టిగా పట్టేసుకుని మెడకి వేలాడబోయాను. ఒక్క క్షణం తను కదలలేదు. ఆ తర్వాత, నేనెప్పుడూ వినని గొంతుతో అంది.

"భయ్యా, డరియే మత్. మై ఫైర్ సర్వీస్ సే హూఁ. చేతులు వదలండి."

చిక్కుకున్నవాళ్లకి భయపడొద్దని చెప్పడానికి నేర్పించిన మాటలట అవి. ఆడవాళ్లయితే దీదీ, మగవాళ్లయితే భయ్యా. నన్ను, అన్నయ్యా అని! తాళి కట్టినవాణ్ని! భయంలో కూడా ఒళ్లు మండింది. చేతులు వదిలేశాను. నా చంకల కింద చేతులు వేసి నేల మీద ఈడ్చుకుంటూ గుమ్మం దాటించింది. మోకాలి మీద కూర్చుని, నా మణికట్టు పట్టి, భుజాల మీదికి లాక్కుంది. లేవబోయి ఒకసారి కిందికి కుంగింది. మళ్లీ ఊపిరి బిగించి లేచింది.

అక్కడి నుంచి నాకు తన బూట్లూ ఎర్రమట్టీ తప్ప ఏమీ కనిపించలేదు. చప్పట్లు లేవు. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు కాబోలు. తన గుండె కొట్టుకోవడం నా పక్కటెముకలకి తెలుస్తోంది. సగం దూరంలో ఒక బూటు పక్కకి మడతపడింది. నా ఏడుపు వల్ల ఈ పిల్ల బతుకు పోతోందని అప్పుడు తెలిసొచ్చింది. తెలిసొచ్చి నేనన్నదేమిటంటే, "దింపెయ్యవే సుందరీ, చాలు."

"భయ్యా, చుప్ రహియే!" అంది.

చుట్టూ జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వుల్లోనే మళ్లీ అడుగులు పడ్డాయి. జెండా దాటిన తర్వాతే నేను నేల మీదికి దిగాను. ఉస్తాద్ విజిల్ ఊది, "పాస్!" అని అరిచాడు. బ్యాచంతా వచ్చి తనని చుట్టుముట్టింది. నేను ఆ మట్టిలో పొట్ట పట్టుకుని కూర్చున్నాను. మనోజ్ ఒక్కడే నా దగ్గరికి వచ్చి నీళ్ల సీసా ఇచ్చాడు.

"కడుపు నొప్పా భయ్యా? మొదట్లో అలాగే ఉంటది. తర్వాత ఆదత్ అయిపోద్ది, అలవాటు పడిపోతారు."

మంచివాడే. అందుకే వాడి మీద ఇంకా మండింది. నీళ్లు మాత్రం తాగాను.

తిరుగుదారిలో నేను స్కూటర్ నడుపుతుంటే తను వెనక కూర్చుంది. రోడ్డు పక్కన క్రీకులో ఆటు వచ్చి బురద తేలి ఉంది. తను పాసైంది. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ వాణ్నేమో మనోజ్ అని పేరుపెట్టి పిలుస్తుంది, నేనేమో ఎవరో భయ్యానా? ఎంత మింగుదామన్నా గొంతు దిగలేదు.

"నేనని తెలీలేదా లోపల?" అని అడిగేశాను.

తను నా భుజం పట్టుకుని ముందుకి వంగింది.

"తెలీకపోవడమేంటి. ఉస్తాద్ చెప్పినచోట తడిమితే నువ్వు లేవు. అప్పుడే నా ప్రాణం సగం పోయింది. చెయ్యి దొరకగానే బావ చెయ్యే అని తెలిసిపోయింది. తెలియగానే కాళ్లు వణికిపోయాయి. ఇంక లేవలేననుకున్నా. అందుకే భయ్యా అన్నాను. నువ్వు కాదు, ఇంకెవడో అనుకుంటే గాని లేవలేకపోయాను బావా."

ఏదైనా మంచిమాట అనాలి. ఏ మొగుడైనా అంటాడు. నా నోట వచ్చింది ఇది.

"మరి మనోజ్‌ని ఎత్తినప్పుడు వణకలేదా కాళ్లు?"

వెనక నుంచి నా వీపు మీద గట్టిగా ఒక్కటి వేసింది.

"వాడి కోసమెందుకు వణుకుతాయి?"