కిందికి బిగించిన గడియలు

ఆ ఊరు ఊరు కాకముందు, మట్టిదారి మలుపులో నాలుగు గుడిసెలున్న రోజుల్లోనే వడ్రంగీ, అతని భార్యా అక్కడికి వచ్చారు. మనిషి పొట్టి కాబట్టి ఆవిడ అందరికీ పొట్టి పిన్ని అయింది. నోరు మాత్రం పెద్దదే.

ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడింది. తలుపు లేదు, ద్వారబంధానికి గోనెపట్టా వేలాడేది. లోపల గడియ పెట్టుకుని కంటినిండా నిద్రపోవాలన్నది పిన్ని ఒకే ఒక్క కోరిక. వడ్రంగి తలుపు చేశాడు. సరిగ్గా అప్పుడే ఒక దర్జీ, పెళ్ళాంపిల్లలతో దిగి, కొట్టు పెట్టుకుంటానన్నాడు. తలుపు అటు వెళ్ళింది. మళ్ళీ చేస్తే కిరాణా కొట్టాయన తయారు, ఆ తర్వాత మందుల షాపతను.

"ఊరందరికీ తలుపులు, నా కొంపకి గోనెపట్టానా?" అని మొగుణ్ణి దుమ్మెత్తిపోసేది పిన్ని.

"వాళ్ళ సరుకు వానకి తడుస్తుందే. ఇంకొక్క నెల ఓపిక పట్టు. ఈసారి చేసేది నీకే" అనేవాడు వడ్రంగి, చిత్రిక పట్టడం ఆపకుండా.

ఆ నెల రానేలేదు. కొత్త కొట్లతో బజారు నిండింది, వడ్రంగి కన్నుమూశాడు. పిన్ని గుమ్మానికి రేకు కట్టించుకుంది. నా మాటంటే ఆయనకి ఏనాడూ లెక్కలేదన్న కోపం మాత్రం ఆవిడలో చల్లారలేదు.

బజారుకి ఇంకో బాధ ఉండేది. ఆ తలుపుల గడియలన్నీ, లోపలివీ బయటివీ, బాగా కిందికి ఉండేవి. కొట్టు మూసేటప్పుడు ప్రతివాడూ నడుం వంచాల్సిందే. వడ్రంగి మంచోడేగానీ కొలతలు రావని నవ్వుకునేవారు. పిన్నీ మూతి తిప్పేది.

మొన్న బజారంతా ఇనుప షట్టర్లు వచ్చాయి. పాత తలుపు పారేయడానికి మనసొప్పక దర్జీ కొడుకు దాన్ని మోయించుకొచ్చి పిన్ని గుమ్మానికి బిగించాడు. ఎక్కడా చెక్కాల్సిన పని లేకుండా ద్వారబంధంలో అచ్చుగుద్దినట్టు కూర్చుంది.

"గడియ పైకి మార్పిస్తాలే పిన్నీ. వంగలేక చచ్చాం" అన్నాడు.

పిన్ని లోపలికి వెళ్ళి తలుపు మూసి, చెయ్యి చాపింది. వంగలేదు, మునివేళ్ళ మీద లేవలేదు. గడియ తిన్నగా అరచేతికి అందింది. దర్జీ తలుపు ఒక్కటేనా? బజారులో గడియలన్నీ ఈ ఎత్తులోనే ఉండేవి. అన్నీ ఆవిడకని చేసినవే. ఇన్నేళ్ళ కోపమంతా ఏడుపై పొంగుకొచ్చింది.

"మార్చమంటావా పిన్నీ?" అని బయటి నుంచి మళ్ళీ అడిగాడు దర్జీ కొడుకు.

"దాని జోలికొచ్చావంటే చేతులిరగ్గొడతా!" అంటూ పిన్ని గడియ పెట్టుకుంది.