మాస్టారి మొహం

మా ఊరి హైస్కూలుకి యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో, ఊరి ప్రముఖుల్లో ఎవరి విగ్రహం పెట్టాలన్న మాట వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మాది సఖినేటిపల్లి వైపు ఊరు. రెండు వీధులవాళ్ళు ఒక మాట మీద నిలబడ్డ దాఖలా మా దగ్గర లేదు. అలాంటిది స్కూలు పెట్టిన మాస్టారి విషయంలో మాత్రం ఎవరూ నోరెత్తలేదు. కొబ్బరి దింపు జరిగే ప్రతి తోటకీ గొడుగేసుకుని వెళ్ళి, స్కూలు కోసం కాయలు అడిగి తెచ్చి, వాటిని అమ్మిన డబ్బుతోనే పాకలు వేయించి మాకు చదువు చెప్పిన మనిషి. ఆయన పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. నేను ఆయన దగ్గర చదువుకుని అదే స్కూల్లో తెలుగు పంతుల్నయ్యాను కాబట్టి పనంతా నా నెత్తినే పడింది.

చిక్కేమిటంటే ఆయన ఫొటో లేదు. ఉన్న ఒక్కటీ తుపానుకి ఇంటి పెంకులు లేచిపోయినప్పుడు తడిసి, చొక్కా మిగిలి మొహం చెరిగిపోయింది. చూసినవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం కదా అనుకున్నాం. విగ్రహం కోసం వేసిన కమిటీలో ఒకాయన మీసం ఉండేదన్నారు. ఇంకొకాయన జన్మలో మీసం పెంచలేదన్నారు. ఒకరిది గుండ్రటి మొహం, మరొకరిది కోల మొహం. చివరికి నన్నడిగారు. ఎంత తన్నుకున్నా నాకు ఆయన కాళ్ళే గుర్తొచ్చాయి. ఆయన ముందు తల వంచుకుని తప్ప నిలబడ్డ రోజు లేదు మరి. అయిదేళ్ళు చదువు చెప్పిన మనిషి మొహం తెలియకపోవడమేమిటని నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఇక మిగిలింది మాస్టారి భార్య. ఊరందరికీ ఆవిడ మామ్మగారు.

"ఇప్పుడు బొమ్మెందుకు నాయనా? నాకు రోజూ కనిపిస్తూనే ఉన్నారు," అన్నారావిడ.

"మీకు కనిపిస్తే చాలాండీ? రేపు పిల్లలకి తెలియాలి కదండీ?" అని దబాయించాను.

ఆవిణ్ణి బస్సెక్కించి కొత్తపేట తీసుకెళ్ళాను. విగ్రహాలు చేసే ఆయన షెడ్డులో బంకమట్టి మొహం సిద్ధంగా ఉంది. మామ్మగారు తడుముకోకుండా చెప్పుకుపోయారు. ముక్కు కాస్త దిగాలన్నారు, చెవులు పెద్దవన్నారు, మీసం లేదన్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు, మొన్న ముక్కు గురించి తప్పు చెప్పానేమోనన్నారు. మూడోసారి శిల్పి గడ్డాన్ని అటు నొక్కి, ఇటు నొక్కి, "ఇలాగాండీ, ఇలాగాండీ?" అని అడిగాడు.

"రెండూ ఆయనలాగే ఉన్నాయండి," అన్నారావిడ మెల్లగా.

నాకు బస్సు తొందర. "ఏదో ఒకటి చెప్పెయ్యండి మామ్మగారూ, మళ్ళీ రాజోలు బస్సు దొరకదండి," అన్నాను.

ఆవిడ నన్ను చూశారు, మట్టిని చూశారు. "ఆయ్, ఇదేనండి," అన్నారు.

స్కూలు ఉత్సవాల రోజున విగ్రహం మీద ముసుగు తియ్యగానే అచ్చం మాస్టారేనన్నారంతా. మీసం ఉందని వాదించినాయనా అదే మాట. నేనూ అన్నాను. అన్నప్పుడు నిజంగానే అలా అనిపించింది. అది ఎలా అనిపించిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

నెల తర్వాత ఉత్సవాల పుస్తకం అచ్చయి వస్తే, ఇద్దామని మామ్మగారింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చీపురుకి కొబ్బరి ఈనెలు తీస్తున్నారు. అట్ట మీద విగ్రహం బొమ్మ చూసి పుస్తకం బోర్లా పెట్టేశారు.

"ఆయన పోయిన దగ్గర్నుంచీ, తలుచుకుంటే ఎదురుగా వచ్చి నిలబడేవారు నాయనా. ఇప్పుడు తలుచుకుంటే ఆ బొమ్మొస్తోంది. ఆయన రావట్లేదు."

మేం చేసింది మంచా చెడా, గౌరవమా దొంగతనమా, ఏమీ పాలుపోలేదు. క్షమించమందామంటే దేనికని అడగాలో కూడా తెలియలేదు.

"ఆయన దగ్గర చదువుకున్నావు కదా, నీకైనా గుర్తున్నారా?" అని అడిగారు.

"గుర్తున్నారండి," అనేశాను. లేదని చెప్పడానికి ధైర్యం చాలలేదు.

మామ్మగారు ఈనెలు పక్కన పెట్టి నా వైపు జరిగి కూర్చున్నారు.

"అయితే చెప్పు నాయనా, ఎలా ఉండేవారు?"