ఎలీసమ్మ పంట

మా సంఘంలో పొలం ఉన్నవాడు ఒక్కడూ లేడు. అయినా ఏటా నవంబరులో కోత పండుగ చేస్తాం. అందరం జనగామ, ఆలేరు, మోత్కూరు వైపుల నుంచి వచ్చి నాచారం కంపెనీల్లో పడ్డవాళ్లమే. ఊళ్లో ఉన్నప్పుడు తొలి పంట తెచ్చి దేవుని ముందు పెట్టిన అలవాటు పోక, ఇక్కడ పొద్దున్నే ఉప్పల్ మార్కెట్‌కు పోయి సొరకాయో గుమ్మడికాయో కొనుక్కొచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తాం. వచ్చిన డబ్బు చర్చి స్లాబుకు. వేలంపాట పాడించేది నేను. సిటీ బస్సులో కండక్టరుగా అరిచి అరిచి పెరిగిన గొంతు కదా, మైకు కిరాయి తప్పుతుందని అయ్యగారు నాకే అప్పజెప్పారు.

ప్రతి వస్తువునూ పైకెత్తి "ఎవరి పంట?" అని అడుగుతాను. తెచ్చినవాళ్లు లేచి నిలబడి "మాదే" అనాలి. కొన్న సొరకాయకు "మాదే" అనడానికి కొందరు సిగ్గుపడతారు. చాలామంది పడరు.

2007లో సొరకాయల మధ్య ఒక అంగీ వచ్చింది. అరచేతిలో పట్టేంత అంగీ. నీలం గళ్లు, కాలరు, జేబు, చేతులకు కఫ్‌లు, గుండీల బదులు పూసలు.

"ఏందిది? పిల్లికి తొడుగుతరా, ఎలుకకు తొడుగుతరా? ఎవరి పంట?" అన్నాను. అందరూ నవ్వారు.

వెనక వరసలో ఎలీసమ్మ లేచింది. బాప్తిస్మం రిజిస్టరులో ఎలిజబెత్, మా నోళ్లలో ఎలీసమ్మ. బట్టల కంపెనీలో మిషన్ మీద పని. సన్నగా, ఎప్పుడూ ఏదో ఆలస్యమైపోతున్నట్టు ఉంటుంది.

"నాదేనన్నా. మొత్తం నేనే కుట్టిన."

ఆ "మొత్తం" అన్న మాటను ఎందుకంత నొక్కిందో నాకు అప్పుడు తెలియదు. ఎవరూ పాడలేదు. చివరికి ఆటో నడిపే పీటర్ జాలిపడి ఇరవై రూపాయలకు తీసుకుని, ఆటోలో అద్దానికి కట్టుకున్నాడు.

తర్వాత తెలిసింది. కంపెనీలో అంతా లైను పని, ఒకరు చేతులు కుడితే, ఒకరు జేబు, ఇంకొకరు కఫ్. ఎలీసమ్మ దగ్గరికి వచ్చేది కాలరే. ఏళ్ల తరబడి కాలర్లే కుట్టింది. ఊళ్లో మాత్రం "మా పిల్ల అంగీలు కుడతది" అని గొప్ప. ఒకసారి తమ్ముడు బట్ట తెచ్చి పెండ్లికి అంగీ కుట్టమంటే, చేతకాక దర్జీకిచ్చి కుట్టించి, తానే కుట్టానని చెప్పి ఇచ్చిందట. ఆ సిగ్గు ఆమెను వదల్లేదు. అన్నాలప్పుడు పక్క మిషన్లవాళ్ల దగ్గర కూర్చుని కొన్నాళ్లు చేతులెక్కించడం, కొన్నాళ్లు జేబు, కొన్నాళ్లు కాజాలు నేర్చుకుంది. కుట్టి చూసుకోవడానికి దొరికేది కత్తిరింపుల్లో కింద పడ్డ చిందీ ముక్కలే కాబట్టి, వాటికి తగ్గంత అంగీయే అయింది. ఒక్కటి పూర్తయ్యేసరికి ఏడాది పట్టింది.

పీటర్ ఆటో ఉప్పల్ రింగురోడ్డుకు, నాచారానికి మధ్య రోజంతా తిరుగుతుంది. ఎక్కినవాళ్లంతా అంగీని వేళ్లతో పట్టుకుని, తిప్పి, లోపలివైపు కూడా చూసి, "యాడ దొరుకుతది?" అని అడిగేవారు. "యాడ దొరకది" అని పీటర్ ఛాతీ విరిచేవాడు. మరుసటేడు ఆమె ఇంకో అంగీ తెచ్చేసరికి నలుగురు పోటీ పడ్డారు. ఆ తర్వాతి ఏడు ఫ్రాకు. ఆ పైన సఫారీ. సఫారీని మా సంఘపెద్ద మేక ధర పెట్టి పాడుకుని బీరువా అద్దం వెనక పెట్టుకున్నాడు. తొడుక్కోవడానికి పనికిరాని గుడ్డకు ఇంత ధరేమిటని నాకు కడుపు మండేది. చూసిచూసి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా బొమ్మ గౌన్లు కుట్టి తెచ్చారు. జనం వాటినీ తిప్పి లోపల చూశారు. దారాలు వేలాడుతున్నాయి. సొరకాయ ధరకే పోయాయి.

సైనిక్‌పురిలో బొమ్మల దుకాణమాయన డజన్లకొద్దీ కుట్టివ్వమంటే ఆమె కుదరదంది.

"పైసలొస్తయి కదనే, పిచ్చిదానా?" అన్నాను.

"డజన్లంటే మల్ల లైనే గదన్నా. నాకు శాంపిల్ రూంల కుర్సీ కావాలె" అంది.

శాంపిల్ రూంలో టైలరు ఒక్కడే మొదటి కత్తెర నుంచి చివరి గుండీ దాకా కుడతాడు. అది చూసి నచ్చితేనే బయటి దేశంవాడు ఆర్డరిస్తాడు. అక్కడ కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే. ఈమె అడిగితే సూపర్‌వైజరు నవ్వి, కాలర్లు చూసుకోమన్నాడట.

2013లో ఆ గదిలో బుచ్చిబాబు అనే ముసలి టైలరు మానేశాడు. కుర్చీ ఖాళీ. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ గది మాస్టరు పట్టాభిరామయ్య పీటర్ ఆటో ఎక్కాడు. ఉప్పల్ దగ్గర మెట్రో గుంతల్లో ఆటో ఆగిపోతే, ఎదురుగా ఊగుతున్న అంగీని చాలాసేపు చూశాడు.

"ఎవరు కుట్టారయ్యా ఇది?"

"మా ఎలీసమ్మక్క సార్. మీ కంపెనీలనే పనిజేస్తది."

మర్నాడు ఆమెను పిలిపించారు. బల్ల మీద పీటర్ దగ్గర అడిగి తెచ్చిన అంగీ. తలుపు దగ్గర గేటు సెక్యూరిటీ మనిషి ఏదో సంతకం కోసం నిలబడి ఉన్నాడు. అంగీ బట్ట కంపెనీ ఆర్డరు బట్ట. చిందీ అయినా సరే గేటు దాటిస్తే దొంగతనమే. ఈమె ఆ ముక్కలను ఏళ్లుగా జాకెట్లో దాచి బయటికి తెచ్చింది.

"ఇది నువ్వు కుట్టిందేనా అమ్మా?"

"నాది కాదు సార్."

సాయంత్రం మా ఇంటికొచ్చి ఇదంతా చెప్పి ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. "బైబిల్లో పేతురు కోడి కూసేలోపు మూడుసార్లు కాదన్నడు. నువ్వు ఒక్కసారికే అంతా పోగొట్టుకున్నవు" అని కసిరాను. తిట్టేశాక ఆమె మొహం చూసి ఊరుకున్నాను. మా పీటర్‌కు కోపం ఇంకోరకం. మాస్టరు ముందు తనను అబద్ధాలకోరును చేసిందని.

వాడు ఊరుకోలేదు. పోయి పట్టాభిరామయ్యను పట్టుకున్నాడు. "సార్, ఈ ఆదివారం మా చర్చిల కోత పండుగ, రాన్రి. ఎవరి పంట అని అందరి ముందట అడుగుతరు. అక్కడ అబద్ధం చెప్పది."

ఆయన నిజంగానే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎలీసమ్మ ఆయన్ను చూసింది. ఆమె తెచ్చింది అప్పటికే బల్ల మీద ఉంది. ఆకుపచ్చ చారల అంగీ. ఆ చారలు ఏ ఆర్డరువో ఆయనకు తెలియకుండా ఉండదు. మాదే అంటే దొంగ. కాదంటే కుర్చీ ఇక రాదు, పైగా దేవుని ముందు అబద్ధం.

నేను మధ్యలో రెండు గుమ్మడికాయలు అనవసరంగా ముందుకు జరిపాను. చివరికి అంగీ ఎత్తక తప్పలేదు.

"ఎవరి పంట?"

ఎవరూ లేవలేదు. పీటర్ తల దించుకున్నాడు. నేను రెండోసారి అడగలేదు. అడగడానికి భయమేసింది.

ఎలీసమ్మ లేచింది. "నాదే. గా గళ్ల అంగీ గూడ నాదే. బట్ట కంపెనీది. కింద పడ్డ చిందీ, అడగకుంట తెచ్చిన. కుట్టింది మాత్రం మొత్తం నేనే" అని కూర్చోకుండా అలాగే నిలబడింది.

గుమ్మం దగ్గర పట్టాభిరామయ్య చెయ్యెత్తి ధర చెప్పాడు. నేను ఆ ధర అరిచాను. పీటర్ ఊరుకోవచ్చు కదా, అలవాటు కొద్దీ ఆయన మీద పోటీకి దిగాడు. ఇద్దరూ పెంచుకుంటూ పోయారు. నేనే పీటర్‌ను గుడ్లురిమి కూర్చోబెట్టి, మూడోసారి కూడా అనకుండానే ఆయన పేర కొట్టేశాను.

ఆయన అంగీని తిప్పి లోపల చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ ఆమె దగ్గర ఆగాడు. "చిందీకి రెండు రోజుల జీతం కోస్తారు, అది నేను ఆపలేను. ఇకమీదట ముక్క కూడా బయటికి తీసుకెళ్లకు. సోమవారం శాంపిల్ రూంకి రా. అక్కడ నిండు బట్ట ఇస్తాను."

రెండు రోజుల జీతం కోశారు. కుర్చీ ఇచ్చారు.

మరుసటేడు తెలంగాణ వచ్చింది. ఆ నవంబరు పండుగకు సంఘమంతా ముందుగానే డబ్బు సర్దుకుని వచ్చింది. అంబర్‌పేట్ నుంచి కూడా ఇద్దరు ఎలీసమ్మ అంగీ కోసమే వచ్చారు. నేనూ కొంత దాచి పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ ఎగతాళి చేసినవాణ్ణి, నాకొక్కటి లేదని లోలోపల బాధగానే ఉండేది. బల్ల అంతా వెతికాను. అంగీ లేదు. ఎలీసమ్మ పేరు మీద ఉన్నది ఒక సొరకాయ.

"ఎవరి పంట?" అన్నాను, నమ్మలేక.

"నాదేనన్నా. పొద్దుగాల ఉప్పల్ల కొన్న" అంది.

అంతా గొల్లుమన్నారు. అంబర్‌పేట్‌వాళ్లు మొహాలు వేలాడేసుకుని పీటర్ ఆటో దగ్గరికి పోయి బేరమాడారు. ఎంత చెప్పినా వాడు ఇవ్వలేదు. మర్నాటి నుంచి ఎండకు వెలిసిన ఆ గళ్ల అంగీ అద్దానికి కనబడలేదు. ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టాడట.

"ఒక్కటన్న కుట్టకపోతివి" అన్నాను, పండుగ అయ్యాక. కోపం దాచుకోలేదు.

"ఇగ ఎందుకన్నా? దినాం నిండు అంగీలే కుడుతున్న గద" అని నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను ముందెప్పుడూ చూడలేదు.

ఆ సొరకాయను పాడినవాడు లేక నేనే తీసుకున్నాను. అంగీకని దాచిన డబ్బు మొత్తం దానికే పెట్టాను. మా ఇంటిది వారం రోజులు తిట్టింది. కూర మామూలుగానే ఉంది.