ఏ పైథాన్, ఎక్కడి పైథాన్?

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవారు, వెనకాల ఆరాలమ్మ అనేవారు. ఆ రెండో పేరు తన చెవిన పడలేదన్నట్టే ఆమె ఇరవై ఏళ్లుగా నెట్టుకొస్తోంది. మంచినీళ్ల దగ్గర ఎవరైనా గొంతు తగ్గించి "ఆరాలమ్మ వచ్చిందా?" అంటే, వెనకనుంచి "వచ్చింది, ఏం కావాలి?" అని తనే బదులిచ్చిన రోజులు మాత్రం రెండు మూడు ఉన్నాయి.

ఏభై నాలుగేళ్ల మనిషి. టైల్స్ షాపు పైన రెండో అంతస్తులో, వినికిడి పరీక్ష చేసే యంత్రాలకు ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీలో ఆమె ఉద్యోగం. పదకొండుమంది ఎవరికి వాళ్లు రాసిన ముక్కల్ని ఒకచోట చేర్చి, యంత్రంలోకి ఎక్కించదగ్గ ఒకే ప్రోగ్రాముగా కూర్చడం ఆమె పని. దాన్ని బిల్డు అంటారు. బిల్డు సవ్యంగా జరిగినన్నాళ్లూ ఆమె అనే మనిషి ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. ఒక్కరోజు తప్పితే మటుకు ఆమె కుర్చీ చుట్టూ జనం మూగుతారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరైనా జ్వరమని సెలవు పెట్టి తిరిగొస్తే, ఏ జ్వరం, ఎన్నాళ్లనుంచి, ఏ డాక్టరు, ఏం మందు రాశాడు, మాత్ర తెల్లదా గులాబీరంగుదా అని వరసపెట్టి అడిగేది. జవాబు వచ్చేదాకా కళ్లద్దాల పైనుంచి చూస్తూనే ఉండేది. మాత్ర రంగు గుర్తులేక ఒకాయన ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని మరీ చెప్పాడు.

ఆ సోమవారం ఆఫీసుకు కొత్త కంప్యూటరు వచ్చింది. పాతది బిల్డుకు గంట తీసుకునేది, పైగా ఆ గంటసేపూ మూలుగుతూ ఉండేది. కొత్తదాన్ని సిద్ధం చేసిన వాడు ధ్వని ఇంజనీరు. ముప్పై అయిదేళ్లవాడు, ఆఫీసులో ఆమెను అక్కా అని పిలిచేది అతనొక్కడే. యంత్రం చెవిలో వినిపించే శబ్దాలన్నీ అతని చేతి చలవే. పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి దించి, ఆమె ముందు పెట్టాడు.

ఆమె బిల్డు మొదలుపెట్టింది. పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ఎక్కడా ఒక్క తప్పు చూపించలేదు. యజమాని వచ్చి భుజం మీదుగా తొంగిచూసి "అయిపోయిందా?" అన్నాడు. ఆయన నోట మరో మాట అరుదు.

"అయింది సార్" అంది ఆమె, కాస్త అనుమానంగానే. పని మరీ సాఫీగా సాగితే ఆమెకు మనసొప్పదు.

ఆ ప్రోగ్రామును యంత్రంలోకి ఎక్కించి, ధ్వని ఇంజనీరు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీట నొక్కాడు. మొదటి పేజీ చక్కగా వచ్చింది. 'శబ్దం వినిపిస్తే చెయ్యి ఎత్తండి' అని రాసి ఉంది. అతను చెయ్యి ఎత్తడానికి సిద్ధంగా కూర్చున్నాడు. మొదటి శబ్దం రావలసిన క్షణంలో ప్రోగ్రాము కుప్పకూలింది. ఎందుకన్నదీ చెప్పలేదు. తెర నల్లబడింది, అంతే. పదిసార్లు చేస్తే పదిసార్లూ అదే వరస.

గురువారం పొద్దున ఒక డాక్టరమ్మ ఆ యంత్రాన్ని బధిర పిల్లల బడికి తీసుకెళ్లాలి. ముప్పై ఎనిమిదిమంది పిల్లలకు పరీక్షలున్నాయి. బడివాళ్లు నెలరోజుల ముందే తల్లిదండ్రులందరికీ కబురు పెట్టేశారు.

మంగళవారం ఆరాలమ్మ నడుం బిగించింది. ఆ ప్రోగ్రాములో రెండు భాగాలున్నాయి. పేజీలు చూపించి, లెక్కలు కట్టే భాగం పైథాన్ అనే భాషలో రాసినది. ఆ భాషను చదివి నడిపించడానికి ఇంటర్‌ప్రెటర్ అని ఒకటుంటుంది. శబ్దాలు పుట్టించే భాగం వేరే భాషలో రాసినది. అది పైథాన్‌తో కలిసి మెలిసి పనిచేయాలంటే, బిల్డు జరిగేటప్పుడే పైథాన్ తాలూకు లైబ్రరీని, అంటే దానితో వచ్చే సిద్ధం చేసిన భాగాలను, పక్కన పెట్టుకుని దాన్ని తయారుచేయాలి. కాబట్టి బిల్డు మొదట చేసే పని, ఈ కంప్యూటరులో పైథాన్ ఎక్కడుందో వెతుక్కోవడం. గొడవ అక్కడే ఉందని ఆమెకు వాసన తగిలింది.

వెతికితే ఒకటి కాదు, నాలుగు పైథాన్‌లు బయటపడ్డాయి. కంప్యూటరుతో పాటు వచ్చింది ఒకటి. ధ్వని ఇంజనీరు తన గ్రాఫుల కోసం పెట్టుకున్నది ఒకటి. ఈ పనికోసమే విడిగా పెట్టిన కొత్తది ఒకటి. నాలుగోది ఏదో మూల ఫోల్డరులో, ఏళ్లనాటి పాతది.

"బాబూ, ఇలా రా" అని పిలిచింది. ధ్వని ఇంజనీరు వచ్చాడు.

"ఇది నువ్వు పెట్టిందేనా?"

"అవునక్కా. గ్రాఫులకి."

"ఎప్పుడు పెట్టావు?"

"శనివారం."

"పొద్దునా, సాయంత్రమా?"

"అక్కా, పొద్దునైతే ఏంటి, సాయంత్రమైతే ఏంటి?"

"నేనడిగింది చెప్పు."

అతను చెప్పాడు. మధ్యాహ్నం ఇంకోసారి పిలిచి అవే ప్రశ్నలు తిరగేసి అడిగింది. అతని గ్రాఫుల పైథాన్ తీయించేసింది. మళ్లీ బిల్డు చేస్తే మళ్లీ అదే నల్ల తెర. మూడోసారి పిలిచినప్పుడు అందరూ వింటుండగానే "కనిపించిందల్లా తెచ్చి ఇందులో కూరితే బిల్డుకి మాత్రం ఏం తెలుస్తుంది, ఏది తీసుకోవాలో?" అనేసింది. అతను మొహం చిన్నబుచ్చుకుని "పొరపాటైంది, క్షమించండి" అన్నాడు. సాయంత్రం టీకి కూడా లేవలేదు.

ఇంట్లో ఆమె అత్తగారు కూరగాయలు తరుగుతూ ఎదురుచూస్తోంది. ఎనభై ఏళ్లు దాటాయి. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు పనిచేసింది. కోడలి ఉద్యోగం గురించి ఆవిడకు అర్థమైంది కొంచెమే గానీ, రోజూ అడగడం మానదు. ఆరాలు తీసే విషయంలో కోడలికి గురువు ఆవిడేనని కొడుకు అంటుంటాడు, ఇద్దరూ లేనప్పుడు.

"మీ ఆఫీసులో కొండచిలువ దొరికిందా అమ్మాయ్?"

"అది కొండచిలువ కాదత్తయ్యా. వంద సార్లు చెప్పాను."

"పైథాన్ అంటే ఇంగ్లీషులో అదేగా. దొరికిందా లేదా?"

"దొరకడం కాదు, ఎక్కువైపోయాయి. ఏది పట్టుకుంటోందో తెలీటం లేదు. పట్టుకున్నానని చెబుతోంది, పని అయిపోయిందంటోంది, తీరా నడిపిస్తే పడిపోతోంది."

అత్తగారు కత్తిపీట పక్కకు జరిపింది. "మాకూ ఇలాగే అయ్యేది. ఇటు తీగ సరైన చోటే పెట్టేవాళ్లం. అటు తీగ పక్క నంబరు కన్నంలో పడేది. బోర్డు మీద దీపం వెలిగేది, కలిసిందనుకునేవాళ్లం. ఒకాయన డాక్టరుతో రోగం చెప్పుకుంటుంటే అవతల బట్టల కొట్టాయన వింటూ ఉండేవాడు."

"మరేం చేసేవాళ్లు?"

"దీపాన్ని నమ్మేదాన్ని కాదు. రెండు కొసలూ విడివిడిగా వినేదాన్ని. ఇటు ఎవరు, అటు ఎవరు అని." ఆవిడ మళ్లీ బెండకాయలు అందుకుంది. "బట్టల కొట్టాయన కబుర్లు బాగా చెప్పేవాడులే."

కోడలికి అప్పుడు తట్టింది. రెండు రోజులుగా తను బిల్డును 'పైథాన్ దొరికిందా' అనే అడుగుతోంది. దొరికిందనే అది చెబుతోంది. ఇంటర్‌ప్రెటర్ ఎక్కడ దొరికింది, లైబ్రరీ ఎక్కడ దొరికింది అని విడివిడిగా అడగనే లేదు. పేరు మోసిన ఆరాలమ్మ, తీయవలసిన ఒక్క ఆరా మర్చిపోయింది.

బుధవారం పొద్దున అందరికంటే ముందే వెళ్లి, ఆ రెండు చిరునామాలూ విడిగా చూపించమని బిల్డుకు చెప్పింది. తెర మీద రెండు వరసలు వచ్చాయి. ఇంటర్‌ప్రెటర్ కొత్త పైథాన్‌ది. లైబ్రరీ ఆ మూల ఫోల్డరులోని పాతదానిది. శబ్దాల భాగం పాతదాని కొలతలకు తయారై, తీరా నడిచేటప్పుడు కొత్తదానితో తలపడుతోంది. కూలక ఏమవుతుంది?

మరి లైబ్రరీ అక్కడే ఉందని బిల్డుకు చెప్పిందెవరు? దానంతట అది వెతుక్కుంటే అంత మూలకు పోదు. ఎవరో పని గట్టుకుని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఉండాలి. ఆమె బిల్డు ఫైలు తెరిచి పైనుంచి చదువుకుంటూ వచ్చింది. మూడు వందల పన్నెండో వరసలో ఆ చిరునామా కనిపించింది. అక్షరం పొల్లుపోకుండా చేత్తో రాసి పెట్టిన దారి. దాని పైన చిన్న వివరణ కూడా ఉంది.

'తాత్కాలికం. వచ్చే వారం తీసేస్తాను.'

కింద తేదీ ఉంది, ఏడేళ్ల కిందటిది. తేదీ పక్కన పొడి అక్షరాలు ఆమెవే.

అప్పటి హడావిడి లీలగా గుర్తొచ్చింది. ఏదో లైబ్రరీ దొరకక, సాయంత్రం బస్సు దాటిపోతుందని, దారి నేరుగా రాసి పారేసి పరుగెత్తిన రోజు. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు. పాత కంప్యూటరులో ఉన్నది ఒకే పైథాన్ కాబట్టి ఇన్నాళ్లూ చెల్లింది. ధ్వని ఇంజనీరు ఆ పాత ఫోల్డరును కూడా కొత్తదాంట్లోకి మోసుకురాకుండా ఉంటే, దారి తప్పిందని బిల్డు మొదటి నిమిషంలోనే ఆగి చెప్పేది. అతను మంచికే తెచ్చాడు. ఆమె గీసిన దారికి చివర ఒక ఇల్లు చూపించాడు.

హాల్లో ఇంకా ఎవరూ రాలేదు. ఆ వరస చెరిపేస్తే సరిపోతుంది, ఒక్క మీట. ఎవరు రాశారని అడిగే అలవాటు ఆ ఆఫీసులో ఒక్కరికే ఉంది, ఆ ఒక్కరూ తనే. ఆమె మీట మీద వేలు పెట్టి కాసేపు కూర్చుంది. తర్వాత లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది.

తొమ్మిదిన్నరకు అందరూ చేరాక, ధ్వని ఇంజనీరును పిలిచింది. అతను నాలుగోసారి విచారణకు సిద్ధపడి వచ్చి నిలబడ్డాడు.

"ఇది చదువు" అంది, తెర చూపించి. "పైకే చదువు. అందరికీ వినపడాలి."

అతను చదివాడు. తేదీ చదివాడు. పొడి అక్షరాల దగ్గర ఆగాడు.

"అవీ చదువు" అంది.

చదివాడు. హాల్లో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"నిన్న నిన్ను అందరిముందూ అన్నాను. తప్పు నాది. ఏమీ అనుకోకు బాబూ."

అతను చాలా గంభీరంగా, "అక్కా, ఇది రాసింది పొద్దునా, సాయంత్రమా?" అన్నాడు.

"సాయంత్రం. అయిదూ యాభైకి. బస్సు ఆరింటికి" అంది ఆమె, అంతే గంభీరంగా.

హాలంతా నవ్వుతుండగా యజమాని గది తలుపు తెరిచి "అయిపోయిందా?" అన్నాడు. ఆ నవ్వులు దేనికో ఆయనకు మధ్యాహ్నందాకా ఎవరూ చెప్పలేదు.

ఆ వరస చెరిపేసింది. ఇంటర్‌ప్రెటరు, లైబ్రరీ రెండూ ఒకేచోట, ఒకే పైథాన్‌వి దొరకాలని, దొరకకపోతే అక్కడికక్కడే ఆగిపోవాలని కొత్తగా రాసింది. బిల్డు చేసి, యంత్రంలోకి ఎక్కించింది. మళ్లీ తెర నల్లబడింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. పావుగంట తర్వాత వెలిగింది: వెతికి కనుక్కున్న చిరునామాలను బిల్డు ఒక ఫైలులో రాసి దాచుకుంటుంది, మరోసారి వెతికే శ్రమ లేకుండా. మర్చిపొమ్మని చెప్పనిదే మర్చిపోదు; అందుకే ఇప్పుడూ కొత్తగా వెతక్కుండా ఆ పాత చిరునామాలే వాడుకుంది. ఆ ఫైలు ఉన్న బిల్డు ఫోల్డరు మొత్తం ఊడ్చేసి, మొదటినుంచి చేయించింది.

ధ్వని ఇంజనీరు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. మీట నొక్కాడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత అతని కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. తన శబ్దం తను వినడానికి అంత సంతోషపడిన మనిషిని ఆమె చూడలేదు.

గురువారం ఇద్దరూ డాక్టరమ్మతో పాటే బడికి వెళ్లారు, ఏదైనా అయితే చూసుకోవడానికి. ఏమీ కాలేదు. మొదట వచ్చిన ఆరేళ్ల పాప రెండు శబ్దాలకు చెయ్యి ఎత్తింది, మూడోదానికి ఎత్తలేదు. ఆరాలమ్మ ఉండబట్టలేక ముందుకు వంగి "ఏమ్మా, వినపడలేదా?" అని చేత్తో సైగ చేసింది.

"మేడమ్, పరీక్ష జరిగేటప్పుడు మనం అడక్కూడదు" అంది డాక్టరమ్మ మెత్తగా. ఇంకో ఇద్దరు పిల్లలయ్యాక, ఇంకా మెత్తగా, ఆమెను బయట వరండాలో కూర్చోమంది.

ముప్పై ఎనిమిదిమందికీ పరీక్షలు పూర్తయ్యేసరికి నాలుగైంది. తిరుగు బస్సులో ధ్వని ఇంజనీరు, "అక్కా, బిల్డు మీకు తప్ప ఎవరికీ తెలీదు. మీరు సెలవు పెడితే మేమందరం అటూ ఇటూ చూస్తూ కూర్చోవాల్సిందే. నాకూ నేర్పిస్తారా?" అన్నాడు.

ఆమె అతన్ని కళ్లద్దాల పైనుంచి చూసింది. ఇరవై ఏళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. తనంతట తను చెబుదామని ఆమెకూ తోచలేదు. అన్నీ తనకొక్కదానికే తెలియడం ఆమెకు కొంచెం ఇష్టంగానే ఉండేది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే, ఈ బస్సులోనే తెలిసింది.

"సోమవారం పదింటికి రా" అంది చివరికి. "పుస్తకం, పెన్ను తెచ్చుకో."

సోమవారం అతను పదిన్నరకు వచ్చాడు. ఎందుకు ఆలస్యమైందో చెప్పి ముగించేసరికి పదకొండయింది.