పళ్లు పీకించుకునే ముందు ఒక స్టేక్

మా మేనమామ పళ్లు పచ్చగా ఉండేవి. పాన్ వల్ల కాదు, బీడీల వల్ల అంతకన్నా కాదు. ఆయనకు ఆ అలవాట్లు లేవు. అది అచ్చంగా పసుపు.

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు పండించే ప్రతివాళ్లకూ కొమ్మును పరీక్షించడం వచ్చు. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్మును చేత్తో విరుస్తారు, చప్పుడు వింటారు, విరిగిన చోట రంగు చూస్తారు. అంచు నుంచి నడుమ దాకా ఒక్కటే రంగు ఉంటే సరిగ్గా ఉడికినట్టు. నడుమ పాలిపోయి కనిపిస్తే ఎక్కడో తొందరపడ్డట్టు. మామకు మాత్రం చేతుల మీద నమ్మకం లేదు. ఆయన కొరుకుతాడు. కొమ్మును పక్కపళ్ల మధ్య పెట్టి టక్కుమనిపించి, ఒక కన్ను మూసి, "ఇంకో రెండెండలు కావాలె" అనో, "ఇగ యార్డుకు కొండబో" అనో తీర్పు చెబుతాడు. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు సరుకు తోలే ముందు వేల్పూరు వాళ్లు, ముప్కాల్ వాళ్లు కూడా గుప్పెడు కొమ్ములు పట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడేవారు. ఒక్కోసారి పొద్దున మొహం కడుక్కోకముందే వచ్చేవారు. ఆయన దానికీ సిద్ధమే.

పసుపు అమ్ముడుపోయాక చేలల్లో దావత్‌లు జరుగుతాయి కదా, అక్కడ నల్లిబొక్క ఎవరికి వేయాలన్న చర్చే ఉండేది కాదు. వడ్డించేవాడు గరిటెతో మూలుగున్న ఆ ఎముకను వెతికి తీసి నేరుగా మామ విస్తరిలోకి వేసేవాడు. ఆయన దాన్ని కొరికి పగలగొడుతుంటే పిల్లలు మూగి చూసేవారు. నేనూ చూశాను. బడిలో లెక్కలు చెప్పే టీచర్‌నయ్యాక కూడా చూడటం మానలేదు.

అటువంటి మనిషికి పోయిన వానాకాలం దవడ వాచింది. ఒకవైపు బుగ్గ బూరెలా పొంగింది. గట్టివన్నీ మానేసి జావ తాగుతూ, తాగినప్పుడల్లా అత్తమ్మను తిడుతూ గడిపాడు. జావకూ అత్తమ్మకూ ఏం సంబంధమో నాకు తెలియదు. చివరికి హైదరాబాద్‌లో ఒక పళ్ల డాక్టరమ్మకు చూపించాం. చిగుళ్లు పూర్తిగా పాడైపోయాయని, అన్నీ తీసేసి కట్టుడు పళ్ల సెట్టు పెట్టించుకోవడమే మేలని ఆమె చెప్పింది.

"పక్కయి రెండన్న ఉంచరాదు డాక్టరమ్మా? పనికి పోవాలె" అన్నాడు మామ.

"ఏం పని చేస్తారు మీరు?"

"కొరుకుత."

ఆమె నా వైపు చూసింది. నేను గోడ మీద బ్రష్ చేసుకునే పద్ధతి బొమ్మ వైపు చూశాను.

పీకే రోజు ఖాయమయ్యాక మామ ఇంట్లో మాట్లాడటం తగ్గించాడు. పళ్లు పోయాక నల్లిబొక్క ఎవరికి పోతుందో, గుమ్మం ముందుకు ఎవరు వస్తారో అని ఆయన బాధ. అది ఆయన అనలేదు, నాకు అర్థమైంది. ఆయన అన్నది వేరే.

"కోడలా, పండ్లు పీకిచ్చుకుంట. కాని ముందుగాల ఈ పండ్లతోని ఆఖరిపారి ఒకటి తినాలె. అది తినకుంటే నోరు తెరువ."

"ఏంది మామా?"

"స్టేక్."

ఫోన్‌లో చూశాడట. ఎవడో తెల్లవాడు అరచేయి మందం మాంసాన్ని పెనం మీద వేసి, కత్తితో కోసి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడట. అన్ని కూరలూ తిన్నాను, ఎముకలన్నీ కొరికాను, అంత మందం ముక్కలో మాత్రం నా పళ్లు దిగలేదు అన్నాడు మామ. సిటీ మొత్తంలో మంచిదే కావాలన్నాడు. పైగా యాటదే, అంటే మేకదో గొర్రెదో కావాలి, మా ఇంట్లో అంతకు మించి పెద్ద జంతువు వంటింటి గడప దాటదు.

"ఆయన్ను ఒక్కన్నే పంపితే దవాఖాన మెట్ల మీదినుంచే బస్సెక్కి వస్తడు. నువ్వే పో బిడ్డా" అంది అత్తమ్మ. ఆ విధంగా, రేపు పీకుతారనగా, పొద్దున్నే ఆర్మూరులో బస్సెక్కి మామ పళ్లకు వీడ్కోలు చెప్పడానికి బయలుదేరాం.

మొదటి హోటల్లో మంచినీళ్లు తాగి లేచి వచ్చేశాం. వాళ్ల దగ్గర యాట లేదు. రెండోదాంట్లో ఉందన్నారు. కాసేపటికి చెక్క పళ్లెంలో ఇనప పెనం, దాని మీద సుయ్‌సుయ్‌మంటూ పొగలు కక్కుతున్న ముక్క వచ్చింది. మామ కుర్చీ వెనక్కి జరుపుకుని, "అరే తమ్మీ, ఆర్పు ముందు!" అని అరిచి, గ్లాసులో నీళ్లు దాని మీద పోశాడు. ఆయన తప్పేం లేదు. పసుపు కళ్లంలో పొగ కనిపిస్తే ఎవరైనా ముందు నీళ్లు పోస్తారు, తరువాతే అడుగుతారు. అక్కడ మమ్మల్ని ఎక్కువసేపు ఉండమనలేదు.

మూడో చోటుకు చేరేసరికి సాయంత్రమైంది. అద్దాల తలుపులు, మెత్తటి కుర్చీలు, ఒళ్లో వేసుకోవడానికి బట్ట. ఆ బట్టతో మామ మొహం తుడుచుకుని, దాని మీద పడిన పసుపు మరక చూసి, మడిచి నా వైపు పెట్టాడు. వెయిటర్ వినయంగా వంగి, యాట స్టేక్ ఉందని చెప్పి, ఎలా చేయమంటారని అడిగాడు. మీడియం రేరా, మీడియమా, వెల్‌డనా అని.

"మంచిగ చెయ్యమను" అన్నాడు మామ.

"మా షెఫ్ స్పెషల్‌గ చేస్తడు సార్. పళ్లతోని పనే ఉండదు. నోట్లో వేసుకుంటే కరిగిపోతది."

అతను పాపం గొప్పగా చెప్పుకున్నాడు. మామ మొహం మాత్రం మబ్బు పట్టినట్టయింది.

"పండ్లతోని పని లేకుంటే నేనెందుకచ్చిన కోడలా?" అన్నాడు నాతో, మెల్లగా.

రెండు పళ్లేలు వచ్చాయి. నేను నా ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాను. ఇప్పుడు చెప్పడానికేం, అంత మంచి మాంసం నా జన్మలో తినలేదు. నిజంగానే కరిగిపోయింది. ఉప్పు, మిరియాలు, ఇంత వెన్న, ఇంకేమీ లేదు. మసాలా లేకుండా మాంసం ఇంత బాగుంటుందని మా ఊళ్లో చెబితే నన్ను దిష్టి తీయించడానికి తీసుకుపోతారు. అయితే ఎదురుగా మామ ముక్కను నడుమకు కోసి, రెండు సగాలనూ దీపానికి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు.

"ఉడకలే" అన్నాడు.

"సార్, అది మీడియం సార్. లోపల గులాబీ రంగు ఉంటది."

"అంచుకో రంగు, నడుమకో రంగు. ఇది యార్డుల నడువది. కొండబో."

వెయిటర్ తీసుకుపోయాడు. మళ్లీ తెచ్చాడు. మామ మళ్లీ కోసి, దీపానికెత్తి, తల అడ్డంగా ఊపాడు. ఈసారి అతనికి అర్థం కావాలని చొక్కా జేబులోంచి పసుపు కొమ్ము తీశాడు. ఆయన జేబులో ఎప్పుడూ రెండు మూడు ఉంటాయి, పెళ్లికి పోయినా ఉంటాయి. దాన్ని టక్కుమని కొరికి, విరిగిన వైపు చూపించి, "చూడు తమ్మీ. గిట్లుండాలె. మీ సాబ్‌కు చూపియ్" అన్నాడు. పక్క బల్ల మీది దంపతులు తినడం ఆపేశారు. వెయిటర్ ఆ కొమ్మును చిన్న పళ్లెంలో పెట్టుకుని, పైన మూత కూడా పెట్టి, లోపలికి తీసుకుపోయాడు. ఆ మూత ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈసారి షెఫ్ స్వయంగా బయటికి వచ్చాడు. పెద్ద టోపీ, గడ్డం, చేతిలో మా కొమ్ము.

"చాచా, ఏమైంది? గిది గోష్‌ల వెయ్యమంటరా?"

"వెయ్యొద్దు సాబ్. గట్ల ఉడకబెట్టుమంటున్న. లోపటంత ఒక్క రంగు."

"గట్ల చేస్తే రాయి అయితది చాచా. నా పేరు ఖరాబైతది."

"ఫికర్ చెయ్యకు. నేనెవ్వనికి చెప్ప."

షెఫ్ ఒక నిమిషం మామ బుగ్గ వాపును, పచ్చటి పళ్లను చూశాడు. ఏమనుకున్నాడో, సలాం పెట్టి లోపలికి పోయాడు. చాలాసేపటికి స్టేక్ తిరిగి వచ్చింది. నల్లగా, చిన్నగా, అంచులు పైకి లేచి ఉంది. పళ్లెంలో పెడుతుంటే ఠంగుమంది. మామ కోయబోతే కత్తి జారింది. ఆయన మొహంలో వెలుగు వచ్చింది.

కత్తీ ఫోర్కూ పక్కన పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. కొరికాడు. లాగాడు. నమిలాడు. నమలడం అంటే అలా ఇలా కాదు, కణతల దగ్గర నరాలు పైకి లేచాయి, చెవులు కదిలాయి. దవడ నొప్పికి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, అయినా ఆపలేదు. "జర మెల్లగ మామా" అన్నాను. చేత్తో ఆగమని సైగ చేశాడు. వంటింటి తలుపు సందులోంచి షెఫ్, వెయిటర్, ఇంకెవరో తలలు బయటికి పెట్టి చూస్తున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను, నవ్వు ఆపుకోలేకపోయాను, రెండూ నిజమే. చివరి ముక్క మింగి, మామ మూతి తుడుచుకున్నాడు.

"ఇదీ. సిటీ మొత్తంల దీన్ని మించింది లేదు" అన్నాడు. లోపల చప్పట్లు వినిపించాయి.

మర్నాడు నోరు తెరవమనగానే తెరిచాడు. డాక్టరమ్మ లోపలికి చూసి, "చిగుళ్లు ఇంత వాచినయేంది? రాత్రి గట్టిది తిన్నరా?" అంది.

"స్టేక్ తిన్న డాక్టరమ్మా."

"అది మెత్తగుంటది కదా!"

"మీకు మంచిది దొర్కనట్టుంది" అన్నాడు మామ జాలిగా.

పళ్లు పోయాయి. కొంతకాలానికి కొత్త సెట్టు వచ్చింది, పాలలా తెల్లగా. అది పెట్టుకుంటే మామ మా మామలా లేడు, ఎవరో బీమా ఏజెంటులా ఉన్నాడు. గట్టివి కొరకొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆయనకు సెట్టు గుచ్చుకున్నప్పుడల్లా తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఆ జేబులో కొమ్ములుంటాయని డాక్టరమ్మకు ఎవరూ చెప్పలేదు. నెల తిరగకుండానే సెట్టు కూడా పచ్చబడింది. అత్తమ్మ తోమి తోమి వదిలేసింది. నాకు మాత్రం సంతోషమే అయింది, మా మామ మాకు తిరిగి వచ్చాడు.

ఈ ఏడు పసుపు అమ్ముడుపోయాక చేలో దావత్ జరిగింది. అలవాటు ప్రకారం వడ్డించేవాడు నల్లిబొక్కను వెతికి తీసి మామ విస్తరిలో వేశాడు. వేశాక వాడికి గుర్తొచ్చింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పిల్లలు అప్పటికే మూగారు. మామ ఆ ఎముకను కాసేపు చూసి, తీసి నా విస్తరిలో పెట్టాడు.

"కొరుకు కోడలా. పక్కపండ్ల నడుమ పెట్టు, ముంగటియి కాదు" అన్నాడు.

నేను కొరికాను. మూడోసారికి పగిలింది. పిల్లలు అరిచారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, పన్ను నొప్పి వల్ల అని అందరికీ చెప్పాను.

చేతులు కడుక్కుంటుంటే మామ పక్కకు వచ్చి అడిగాడు.

"గా దినం హోటల్ల నువ్వు తిన్నవు గద, మెత్తటిది. ఎట్లుండె?"

ఇన్ని రోజులు దాచుకున్న మాట. ఇక దాచలేకపోయాను. "మస్తుగుండె మామా. నీది ఊకెనే కాలబెట్టిచ్చుకున్నవు."

"నాకెరికే. నీ మొఖం చూసిన గద."

"మరెందుకు వాపస్ పంపినవ్? ఉడకలే అని గంత లొల్లి చేస్తివి!"

ఆయన జేబులోంచి పచ్చటి సెట్టు తీసి, చెంబునీళ్లతో కడిగి, మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.

"గది పండ్లు లేకున్న తినొచ్చు బిడ్డా. దాన్ని ఇప్పటికోసమని ఇడిశిన" అని, బోసి నోటితో నవ్వాడు. "ఐతారం నీకు బడి లేదు గద. బస్సుకు పోదాం పా."