లంకలకు బియ్యం తూచిన మా మేడం

మా ల్యాబ్ మేడం పోయారని మొన్న ఉదయం క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. కొంతకాలంగా ఒంట్లో బాగుండటం లేదని తెలుసు. తేరుకుంటారనే అనుకున్నాం.

భీమవరంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆవిడ మాకు పైథాన్ చెప్పేవారు. చాలా చిన్న గొంతు. వెనక బెంచీల దాకా వినపడదని మా పక్కనే వచ్చి కూర్చునేవారు. ప్రోగ్రాం ఆడకపోయినా కసిరేవారు కాదు. "ఏం వస్తోందో ముందు చూడమ్మా" అనేవారు, అంతే.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడాది, నది మధ్యనున్న లంక గ్రామాలకు పంపే బియ్యాన్ని గట్టు మీద ఒక షెడ్డులో తూచేవారు. దాతలిచ్చిన బస్తాలు ఒక్కోటీ ఒక్కో బరువు. ఎలక్ట్రానిక్ కాటాను సీరియల్ పోర్టుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, అది పంపే బరువులను చదివి మొత్తం లెక్కకట్టే ప్రోగ్రాం మేడమే రాశారు. నేను సాయం వెళ్ళాను.

మధ్యాహ్నానికి తెర మీద మొత్తం చూసి, పడవల పని చూస్తున్న పెద్దాయన సంతోషపడిపోయారు.

"అన్ని లంకలకూ సరిపోతాయండి. ఇక ఊళ్ళో బియ్యం అడగడం ఆపేద్దాం."

మేడం మాత్రం బస్తాల కేసి చూశారు.

"అన్ని బియ్యం ఇక్కడున్నాయంటావా అమ్మాయ్?"

కాటా పంపుతున్న అంకెలు ఒక్కొక్కటే తెర మీదికి రప్పించారు. బస్తా పైన ఉన్నంతసేపూ కాటా అదే బరువును మళ్ళీ మళ్ళీ పంపుతోంది. అంకె వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాం దాన్ని కూడేసుకుంటోంది.

ఆవిడ చప్పున లేచారు. "ఆగండి! తప్పు నాదేనండి. ఇందులో సగం కూడా లేవు. దయచేసి అడగడం ఆపకండి." అదే చిన్న గొంతు. కానీ షెడ్డంతా వినపడింది.

"ముందే చెప్పి మంచి పని చేశారమ్మా" అంటూ పెద్దాయన ఇంకా బియ్యం అడగడానికి ట్రాక్టరెక్కి వెళ్ళారు. మేడం అక్కడే కూర్చుని, బరువు నిలకడగా వచ్చాక ఒక్కసారే కూడి, కాటా ఖాళీ అయ్యాకే తర్వాతి బస్తాను లెక్కించేలా ప్రోగ్రాం మార్చారు. అన్నీ మళ్ళీ తూయించారు. సాయంత్రానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇంకా బియ్యం వచ్చాయి.

నిన్న వాళ్ళింటికి వెళ్తే మేడం భర్త నన్ను గుర్తుపట్టారు.

"వరదలప్పుడు తనతో ఉన్న అమ్మాయివి కదూ? లంకల వాళ్ళ నోటి దగ్గరి కూడు ఆపేసేదాన్నేనండీ అని మొన్నమొన్నటి దాకా బాధపడేదమ్మా."

ఆ బరువు ఇన్నేళ్ళూ ఆవిడ మోశారని నాకు తెలియదు. తెలిసుంటే ఆవిడకు ఆ సాయంత్రం గుర్తుచేసేదాన్ని. చివరి లంకకు పడవ కదిలేసరికి తుంపర పడుతోంది. ల్యాప్‌టాప్‌కు గొడుగు పట్టి, తాను తడుస్తూ, ఎర్రనీళ్ళలో ఆ పడవ కనుమరుగయ్యే దాకా మేడం గట్టు మీదే నిలబడ్డారు.